సున్నా మార్కుల ప్రశ్నలు

హైదరాబాద్‌లో హైటెక్ సిటీకి దగ్గరగా, కొత్తగూడ వైపు ఒక గుండ్రటి భవనం ఉంది. నడుమ ముంగిలి, చుట్టూ గదులు, గోడలకు జాలీలు, గాలిని చల్లబరిచి లోపలికి దింపే రెండు బురుజులు, మిద్దె మీద సగానికి పైగా పచ్చిక, ఇంకొంత మేర సౌరఫలకాలు. భారత పరిశ్రమల సమాఖ్య సీఐఐ, నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, గోద్రెజ్ కుటుంబం కలిసి కట్టించిన సోహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ ఇది. నమూనా గీసింది వడోదర ఆర్కిటెక్టు కరణ్ గ్రోవర్. 2003లో దీనికి అమెరికా గ్రీన్ బిల్డింగ్ కౌన్సిల్ వారి 'లీడ్' పద్ధతిలో ప్లాటినం రేటింగు వచ్చింది. అమెరికా వెలుపల ఆ రేటింగు అందుకున్న మొట్టమొదటి కట్టడం ఇదే. 2004 జులై 14న రాష్ట్రపతి అబ్దుల్ కలాం దీన్ని ప్రారంభించారు. ఈ భవనం గురించి రాసేవాళ్లు సాధారణంగా ఒక అంకె చెబుతారు: 69కి 56 పాయింట్లు.

ఆ అంకెలోకి రానివి ఏడున్నాయి. కడుతున్నప్పుడు స్థలంలోని మట్టి వానకు కొట్టుకుపోకుండా కాపాడాలి. ఏసీ, విద్యుత్ వ్యవస్థలు డిజైనులో రాసుకున్నట్టే నడుస్తున్నాయో లేదో సరిచూడాలి. కరెంటు వాడకం ఒక కనీస ప్రమాణానికి లోబడాలి. ఏసీ యంత్రాల్లో క్లోరోఫ్లోరోకార్బన్ వాయువులు ఉండకూడదు. మళ్లీ వాడదగ్గ చెత్తను వేరుగా పెట్టేందుకు చోటుండాలి. లోపలివారికి తగినంత బయటి గాలి అందాలి. పొగతాగేవారి పొగ పక్కవారికి తగలకూడదు. ఈ ఏడింటికీ కలిపి వచ్చే పాయింట్లు సున్నా. కానీ వీటిలో ఏ ఒక్కటి తప్పినా 56 పాయింట్లనూ ఎవరూ లెక్కపెట్టరు. దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది.

పదో తరగతి పరీక్షలు రాసినవారికి ఈ ఏర్పాటు కొత్తేమీ కాదు. తెలుగులో 95 వచ్చినా లెక్కల్లో 35 రాకపోతే ఫెయిలే. గ్రీన్ బిల్డింగ్ రేటింగు ఇంకో అడుగు ముందుకు వేసి, ఆ 35ను మొత్తంలో కూడా కలపదు. కనీసం దాటినందుకు మార్కులుండవు, దాన్ని మించి ఎంత చేశారన్నదానికే మార్కులు.

రేటింగు అనగానే జనానికి తెలిసేది ప్లాటినం, గోల్డ్ అన్న మాటలే. బ్రోషర్లో పెద్ద అక్షరాలతో పడేవీ అవే. నన్నడిగితే, ఒక రేటింగు పద్ధతి ఎంత గట్టిదో తెలుసుకోవడానికి ముందు దాని తప్పనిసరి జాబితా చదవాలి. ఏ విషయంలో బేరం కుదరదని ఆ పద్ధతి అనుకుంటోందో అక్కడ బయటపడుతుంది. పాయింట్ల పట్టికంతా బేరమే. ఇదిస్తే అది వదిలేయొచ్చు. అయితే తప్పనిసరి జాబితా కూడా ఆకాశం నుంచి ఊడిపడలేదు. అందులో ఒక్కో అంశం వెనక ఒక్కో తగాదా, ఒక్కో ప్రయోగం, కొన్నిచోట్ల ఒక్కో అనారోగ్యం ఉన్నాయి.

కట్టడాల పర్యావరణ ప్రమాణాలకు మార్కులు వేసే పద్ధతిని మొదట తెచ్చినవారు బ్రిటన్ వాళ్లు, 1990లో, 'బ్రీయామ్' పేరుతో. అమెరికాలో గ్రీన్ బిల్డింగ్ కౌన్సిల్ 1993లో ఏర్పడింది, లీడ్ 1998లో ప్రయోగాత్మకంగా మొదలై 2000లో రెండో రూపం తీసుకుంది. మన కొత్తగూడ భవనం దిద్దించుకున్నది ఆ కాలపు ప్రశ్నపత్రమే. భారత గ్రీన్ బిల్డింగ్ కౌన్సిల్, అంటే ఐజీబీసీ, 2001లో సీఐఐ నీడన పుట్టి ఆ భవనాన్నే తన నెలవు చేసుకుంది. ఈ చరిత్ర ఇంతవరకు చాలు, ఇక జాబితా లోపలికి వెళదాం.

బయటి గాలితో మొదలుపెడతాను, ఎందుకంటే తప్పనిసరి అన్న ఆలోచన ఎందుకు పుట్టిందో దీనంత స్పష్టంగా చూపే అంశం ఇంకొకటి లేదు. ఏసీ భవనంలోకి బయటి గాలి రావడమంటే ఖర్చు. మే నెలలో హైదరాబాద్ గాలి 40 డిగ్రీలుంటే దాన్ని 24కు దించాలి. విశాఖలో వేడి అంత లేకపోయినా తేమ ఎక్కువ, ఆ తేమే అసలు భారం. గాలిని చల్లబరుస్తుంటే అందులోని నీటియావిరి నీరుగా మారి ఏసీ గొట్టం వెంట బయటికి కారుతుంది. అలా ఒక లీటరు నీరు కారిందంటే యంత్రం దాదాపు 2,450 కిలోజౌళ్ల వేడిని గాలి నుంచి లాగేసిందన్నమాట. అదే లీటరు నీటిని సున్నా డిగ్రీల నుంచి మరిగే దాకా వేడిచేయడానికి 420 కిలోజౌళ్లు చాలు. కోస్తాలో ఏసీ బిల్లు ఎందుకు అంతొస్తుందో ఈ రెండంకెలు పక్కపక్కన పెడితే తెలిసిపోతుంది. కాబట్టి కరెంటు పొదుపు చేయాలనుకునే ఇంజనీరు కన్ను ముందుగా పడేది బయటి గాలి వచ్చే దారి మీదనే. అది మూసేస్తే బిల్లు తగ్గుతుంది.

అమెరికాలో సరిగ్గా అదే జరిగింది. 1973 చమురు సంక్షోభం తర్వాత ఆఫీసు భవనాలు కిటికీలు బిగించుకున్నాయి. అక్కడి శీతలీకరణ ఇంజనీర్ల సంఘం ఆష్రే పెట్టిన ప్రమాణంలో మనిషికి నిమిషానికి 5 ఘనపుటడుగుల గాలి చాలన్నారు. కొన్నేళ్లకే ఆఫీసుల నుంచి ఫిర్యాదులు: తలనొప్పి, కళ్ల మంట, గొంతు గరగర, నిస్సత్తువ. సాయంత్రం బయటికి వెళితే తగ్గేవి, మర్నాడు పొద్దున మళ్లీ మొదలయ్యేవి. 1980లలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ లక్షణాలను గుర్తించి 'సిక్ బిల్డింగ్ సిండ్రోమ్' అన్న పేరును ఖాయం చేసింది. ఫర్నిచరు జిగురు, తివాచీలు, రంగులు, మనుషుల ఊపిరి, అన్నీ కలిసిన గాలి బయటికి పోయే దారి లేక లోపలే తిరుగుతోందన్నది ముఖ్యమైన అనుమానం. 1989లో ఆష్రే ఆఫీసుల లెక్కను 20 ఘనపుటడుగులకు పెంచింది, నాలుగు రెట్లు.

ఇప్పుడు పాయింట్ల పట్టికలో కరెంటు పొదుపునూ మంచి గాలినీ పక్కపక్కన పెట్టి, మీ ఇష్టం ఏరుకోండి అన్నామనుకోండి. డెవలపరు గాలి పాయింటు వదులుకుని కరెంటు పాయింట్లు మూడు తెచ్చుకుంటాడు. రేటింగు పెరుగుతుంది, లోపల కూర్చున్న ఉద్యోగి తల పగులుతుంది. ఒకరి ఊపిరితిత్తులతో ఇంకొకరి బిల్లును మార్పిడి చేసే వీలుండకూడదు. కనీస వాయుప్రసరణ తప్పనిసరి జాబితాలో కూర్చున్నది అందుకే. కనీసానికి మించి గాలి ఇస్తే అప్పుడు పాయింటు ఇస్తారు, అది ఐచ్ఛికం. పొగాకు పొగ నిబంధన వెనకా ఇదే తర్కం. అయితే మన దేశంలో 2008 అక్టోబరు 2 నుంచి బహిరంగ స్థలాల్లో, పనిచేసే చోట్ల పొగతాగడం చట్టరీత్యానే నిషేధం, కనుక ఇక్కడ ఆ షరతు నెగ్గడానికి ఆర్కిటెక్టు పడాల్సిన శ్రమ తక్కువ.

క్లోరోఫ్లోరోకార్బన్ల కథ వేరు. వాటి వల్ల భవనంలో ఉన్నవారికి నష్టమేమీ లేదు. విషం కాదు, వాసన లేదు, మండవు. అంత మంచి వాయువులనే కదా దశాబ్దాల పాటు ఫ్రిజ్‌లలో, ఏసీల్లో నింపారు! నష్టమంతా పైన, ఓజోన్ పొర దగ్గర. అక్కడి అతినీలలోహిత కాంతికి ఆ అణువు విడిపోయి క్లోరిన్ పరమాణువును వదులుతుంది, ఒక్క పరమాణువు వేలాది ఓజోన్ అణువులను విరగ్గొట్టి మరీ ఆగుతుంది. 1987లో మాంట్రియల్ ఒప్పందం వచ్చింది ఇందుకే. నష్టం ఎవరి గోడల లోపలా కనిపించదు కాబట్టి దాన్ని కొనేవారి విచక్షణకు వదిలేస్తే ఎవరూ పట్టించుకోరు. ఐజీబీసీ పద్ధతుల్లోనూ ఓజోన్‌ను దెబ్బతీసే పదార్థాల మీద షరతు ఉన్నది పాయింట్ల వైపు కాదు, తప్పనిసరి వైపే.

ఇక డిజైనులో ఉన్నట్టు యంత్రాలు నడుస్తున్నాయో లేదో చూడడం. దీన్ని కట్టుబడి రంగంలో కమిషనింగ్ అంటారు. పేరు వింటే కాగితాల తతంగం అనిపిస్తుంది కానీ నాకు మొత్తం జాబితాలో ఎక్కువ గౌరవం ఉన్నది దీనిమీదే. పెద్ద భవనంలో వేల సెన్సర్లు, కవాటాలు, గాలి తలుపులు ఉంటాయి. బయటి గాలి తలుపుకు మోటారు తిరగేసి బిగిస్తే, తెరుచుకోవాల్సినప్పుడు మూసుకుంటుంది. ఉష్ణోగ్రత సెన్సరును కిటికీ పక్కన ఎండపడే చోట పెడితే గది మొత్తం ఉడికిపోతోందని యంత్రం నమ్ముతుంది. అలాంటి భవనం మీద ఎన్ని సౌరఫలకాలు పరిచినా ఏం లాభం? ప్రతి వ్యవస్థనూ ఎండలో, చలిలో, నిండా జనం ఉన్నప్పుడు, ఖాళీగా ఉన్నప్పుడు ఎలా నడవాలో అలా నడుస్తోందా అని పరీక్షించి రాసిపెట్టడం తక్కినవాటన్నిటికీ పునాది. అందుకే అది ఐచ్ఛికం కాలేదు.

ఇంతవరకు బాగానే ఉంది. అసలు తకరారు మూడో అంశం దగ్గర, కరెంటు దగ్గర వచ్చింది.

లీడ్ రెండో రూపంలో కనీస విద్యుత్ సామర్థ్యం తప్పనిసరే, కానీ ఆ కనీసం మరీ తక్కువ. ఆనాటి ఆష్రే ప్రమాణాన్నో, అంతకన్నా కఠినంగా ఉంటే స్థానిక కోడ్‌నో పాటిస్తే చాలు. చట్టం ఎలాగూ అడిగేదే రేటింగూ అడిగింది. అంతకు మించి పొదుపు చేస్తే పాయింట్లు. ఒక సరదా లెక్క చెబుతాను. ఆ పద్ధతిలో మొత్తం 69 పాయింట్లలో 'శక్తి-వాతావరణం' అన్న విభాగానికి 17. మిగిలినవి 52. ప్లాటినానికి కావలసినవీ సరిగ్గా 52! అంటే శక్తి విభాగంలో ఒక్క పాయింటు కూడా తెచ్చుకోకుండా, తక్కినవన్నీ పూర్తిగా సంపాదిస్తే కాగితం మీద ప్లాటినం గెలవొచ్చు. అలా గెలవడం ఆచరణలో సాధ్యం కాదనుకోండి. కానీ 26 పాయింట్లతో వచ్చే మామూలు సర్టిఫికెట్‌కు ఆ దారి నిజంగానే తెరిచి ఉంది. కొందరు అందులో నడిచారు కూడా.

పాయింట్లు పెట్టినచోట వేట తప్పదు. సైకిళ్ల స్టాండు ఒక పాయింటు. భవనంలో ఉండేవారిలో 5 శాతానికి సరిపడా సైకిళ్లకు చోటు, చెమట కడుక్కోవడానికి కొన్ని స్నానాల గదులు కట్టించాలి. భవనానికి కావలసిన కరెంటులో సగం పవన, సౌర విద్యుత్తు లాంటి మార్గాల నుంచి రెండేళ్లు కొంటామని ఒప్పందం చేసుకుంటే, దానికీ ఒకటే పాయింటు. రెండింటి ఖర్చుకూ పోలికే లేదు. 2005లో ఆస్పెన్ స్కీయింగ్ కంపెనీ పర్యావరణ అధికారి ఆడెన్ షెండ్లర్, శక్తి రంగ నిపుణుడు ర్యాండీ యూడల్ కలిసి లీడ్ చెడిపోయింది, బాగుచేద్దాం రమ్మంటూ ఒక వ్యాసం రాశారు. పర్యావరణానికి ఏది మేలు అన్న ప్రశ్న పోయి, ఏ పాయింటు చవక అన్న ప్రశ్న వచ్చి కూర్చుందన్నది వారి ఫిర్యాదుల్లో ఒకటి. వాళ్లిద్దరూ ఈ ఉద్యమానికి శత్రువులు కారు, లోపలివాళ్లే. అందుకే ఆ మాట గట్టిగా తగిలింది. సైకిలు స్టాండు అప్పటినుంచీ నవ్వులపాలవుతూనే ఉంది. మే నెల మధ్యాహ్నం గచ్చిబౌలి ఫ్లైఓవరెక్కి ఆఫీసుకు సైకిలు తొక్కేవారి కోసం కట్టిన స్నానాల గదులను హైదరాబాద్‌లో ఎంతమంది వాడుతున్నారో ఎవరైనా లెక్క తీస్తే బాగుండు.

2007లో కౌన్సిల్ దిగివచ్చింది. ఆ ఏడాది జూన్ 26 తర్వాత నమోదయ్యే కొత్త భవనాలన్నీ శక్తి పొదుపు పాయింట్లలో కనీసం రెండు సంపాదించి తీరాలని షరతు పెట్టింది. అప్పటిదాకా ఐచ్ఛికంగా ఉన్న దానికి తప్పనిసరి ముద్ర పడింది. కొత్త భవనానికి ఆ రెండు పాయింట్లంటే ప్రమాణ భవనం కన్నా 14 శాతం తక్కువ శక్తి ఖర్చు.

ఇక్కడ 'ప్రమాణ భవనం' గురించి ఒక మాట చెప్పుకోవాలి. అది ఎక్కడా ఉండదు, కంప్యూటర్లో మాత్రమే ఉంటుంది. మీరు కట్టబోయే భవనానికి అదే విస్తీర్ణంతో, అదే వాడకంతో, అదే ఊరి వాతావరణంలో ఒక కవల భవనాన్ని సాఫ్ట్‌వేర్‌లో కడతారు. దాని గోడలు, అద్దాలు, ఏసీ అన్నీ కోడ్ చెప్పినంత మామూలువి. ఏడాదిలోని 8,760 గంటలకూ రెండింటినీ నడిపించి చూస్తారు. తేడాయే మీ పొదుపు. పద్ధతి మంచిదే, అయితే కవల కూడా మీ భవనమంతే పెద్దది కదా! పదిమందికి కావలసిన చోట ముప్ఫైమందికి సరిపడా కడితే, కవల కూడా అంతే పెరుగుతుంది కాబట్టి ఆ దుబారా లెక్కలోకే రాదు.

కంప్యూటర్లో పొదుపు సరే, మీటర్లో ఎంత? 2008లో న్యూ బిల్డింగ్స్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు అప్పటికి వాడుకలో ఉన్న 121 లీడ్ భవనాల అసలు బిల్లులు తీసి చూశారు. మధ్యస్థ విలువ దేశ సగటు కన్నా 24 శాతం తక్కువగా ఉంది. సంబరపడ్డారు. మరుసటి ఏడాది కెనడా జాతీయ పరిశోధనా మండలిలో గై న్యూషమ్ బృందం అదే సమాచారాన్ని వేరే విధంగా, ఒక్కో లీడ్ భవనానికి సరిజోడు మామూలు భవనాన్ని వెతికి, మళ్లీ పరిశీలించింది. సగటున పొదుపు ఉంది, 18 నుంచి 39 శాతం దాకా. కానీ ఒక్కొక్కటిగా చూస్తే 28 నుంచి 35 శాతం లీడ్ భవనాలు తమ జోడు భవనాల కన్నా ఎక్కువే కాల్చాయి. పైగా సిల్వరా, గోల్డా, ప్లాటినమా అన్నదానికీ మీటరు రీడింగుకూ పెద్దగా సంబంధం కనపడలేదు. ఓబర్లిన్ కాలేజీ భౌతికశాస్త్ర ఆచార్యుడు జాన్ స్కోఫీల్డ్ ఇంకా ముందుకు వెళ్లాడు. కరెంటు తయారీలో పవర్ స్టేషన్ దగ్గరే పోయే వేడిని కూడా కలిపి చూస్తే అసలు పొదుపే లేదని వాదించాడు. ఆ వాదం మీద ఏకాభిప్రాయం లేదు. మెట్టుకూ మీటరుకూ పొంతన లేదన్న సంగతి మాత్రం ఎవరూ కొట్టిపారేయలేకపోయారు.

కారణం ఊహించడం కష్టం కాదు. ఒకరు గోల్డ్‌ను ఏసీ సామర్థ్యంతో తెచ్చుకుంటారు, ఇంకొకరు వెదురు ఫ్లోరింగు, బస్సు స్టాపు, స్థానిక మొక్కలతో తెచ్చుకుంటారు. మొత్తం ఒకటే, దారులు వేరు. 2014లో డేనియల్ మాటిసాఫ్, మరో ఇద్దరు పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో ఇంకో సంగతి బయటపడింది. భవనాల స్కోర్లు సిల్వర్, గోల్డ్, ప్లాటినం గీతలకు సరిగ్గా పైన గుమిగూడి ఉన్నాయి, గీతకు కాస్త కింద దాదాపు ఖాళీ. ఒకట్రెండు పాయింట్లు తగ్గినవారు ఎక్కడో ఓచోట ఏరుకుని గీత దాటుతున్నారు, దాటాక ఆపేస్తున్నారు. ఇది మోసం కాదు. మెట్లు కట్టినవారు మనుషుల్ని అలా నడవమన్నారు, వాళ్లు నడిచారు.

దిద్దుబాట్లు రెండు దారుల్లో వచ్చాయి. ఒకటి, పాయింట్ల బరువు మార్చడం. 2009 లీడ్‌లో సైకిలు స్టాండుకు ఒక పాయింటే ఉండిపోయింది కానీ శక్తి పొదుపు పాయింట్లు పది నుంచి 19కి పెరిగాయి. రెండోది, తప్పనిసరి జాబితాను పెంచడం. అప్పటిదాకా నీటి విషయంలో ఒక్క షరతూ లేదు. 2009లో 20 శాతం నీటి పొదుపు తప్పనిసరైంది. 2013లో వచ్చిన నాలుగో రూపంలో కరెంటు మీటరూ నీటి మీటరూ తప్పనిసరి, ఆ రీడింగులను ఐదేళ్లపాటు కౌన్సిల్‌తో పంచుకోవడమూ తప్పనిసరి. నన్నడిగితే మొత్తం చరిత్రలో పెద్ద అడుగు ఇదే. పొదుపు చేశామన్న మాట మీద నమ్మకం పోయి, చూపించమనడం ఇక్కడ మొదలైంది.

బ్రిటన్ వారి బ్రీయామ్ మాత్రం ఇంకాస్త తెలివైన దారి పట్టిందనిపిస్తుంది. అక్కడ తప్పనిసరి జాబితా అందరికీ ఒకటి కాదు. మెట్టు పెరిగేకొద్దీ పెరుగుతుంది. కింది మెట్టుకు చట్టబద్ధంగా నరికిన కలప వాడితే సరిపోవచ్చు, 'ఔట్‌స్టాండింగ్' అన్న పై మెట్టుకు శక్తిలో, నీటిలో విడివిడిగా ఇంతింత పాయింట్లు తెచ్చి తీరాలి. చవక పాయింట్లు ఏరుకుని పైదాకా పాకే వీలుండదు. 2025లో వచ్చిన లీడ్ ఐదో రూపం కూడా ఈ పోకడనే అందుకుంది. సిమెంటు, ఉక్కు తయారీలో ఇప్పటికే విడుదలైపోయిన కార్బన్‌ను లెక్కకట్టడం అందరికీ తప్పనిసరి, తగ్గించడం ఐచ్ఛికం, ప్లాటినం కావాలంటే మాత్రం తగ్గించడమూ షరతే. సిమెంటుకు ఈ షరతు చిన్నదేమీ కాదు. సున్నపురాయి వేడికి విడిపోయి సున్నంగా మారేటప్పుడు బరువులో 44 శాతం కార్బన్ డయాక్సైడై పోతుంది, కొలిమిలో బొగ్గుకు బదులు ఇంకేది కాల్చినా ఆ భాగం తగ్గదు. అందుకే సిమెంటులో కొంతమేర ఫ్లైయాష్ కలపడానికి అంత విలువ.

మన దగ్గర సంగతి. ఐజీబీసీ కొత్త భవనాల పద్ధతి లీడ్ వంశానిదే అయినా, నీటి విషయంలో దాని తీరు వేరు. వాన నీటిని పట్టడమూ తక్కువ నీరు వాడే కుళాయిలు, ఫ్లష్‌లు బిగించడమూ రెండూ తప్పనిసరి వైపే ఉన్నాయి. వాన నాలుగు నెలలు, ఎండ ఎనిమిది నెలలు ఉండే దక్కన్‌లో ఇది సహజమైన నిర్ణయం. ఇంకుడు గుంతల సంగతికొస్తే, 2002 వాల్టా చట్టం వాటి గురించి ముందే చెప్పింది. అయినా ఎన్ని అపార్టుమెంట్లలో గుంత పైన గ్రానైటు పరిచి కార్లు నిలబెట్టారో మనకు తెలియనిది కాదు. చట్టంలోని తప్పనిసరికీ రేటింగులోని తప్పనిసరికీ తేడా ఇక్కడే. రేటింగుకు వెళ్లినవారు ఫొటోలు, లెక్కలు సమర్పించి ఒప్పించుకోవాలి. వెళ్లడం మాత్రం వారిష్టం.

టెరీ సంస్థ, కేంద్ర పునరుత్పాదక ఇంధన శాఖ కలిసి తెచ్చిన 'గృహ' పద్ధతి తొలిరూపంలో 34 అంశాలుండేవి. అందులో 8 తప్పనిసరి, 4 పాక్షికంగా తప్పనిసరి. పాక్షికం అంటే ఒకే అంశంలో కొంత భాగానికి బేరం లేదు, మిగతాదానికి ఉంది. వినడానికి తికమకగా ఉన్నా ఆచరణలో నిజాయితీగల ఏర్పాటు అది.

కానీ మన దేశంలో తప్పనిసరికి అసలు బలం రేటింగుల్లో లేదు, ఈసీబీసీలో ఉంది. అది ఇంధన పొదుపు భవన కోడ్. కేంద్రం 2007లో తెచ్చింది, 2017లో తిరగరాసింది, రాష్ట్రాలు నోటిఫై చేస్తే చట్టం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2014 జనవరిలో దాన్ని వాణిజ్య భవనాలకు అమల్లోకి తెచ్చింది, విభజన తర్వాత రెండు రాష్ట్రాలూ కొనసాగించాయి. ఈ కోడ్‌లో నిబంధనలు మూడు రకాలు. కొన్ని తప్పనిసరి, ఎవరైనా పాటించాల్సిందే. కొన్ని నిర్దేశితం, అంటే గోడకు ఇంత, అద్దానికి ఇంత అని అంకెలు రాసి ఉంటాయి, కానీ మొత్తం భవనం పనితీరును కంప్యూటర్లో రుజువు చేస్తే వాటిని ఒకదానితో ఒకటి మార్చుకోవచ్చు. మూడోవి ఐచ్ఛికం: ఈసీబీసీ ప్లస్, సూపర్ ఈసీబీసీ అన్న పై స్థాయిలు.

నిర్దేశిత అంకెల్లో ఒకటి నాకు భలే ఇష్టం. కిటికీ అద్దం మీద పడిన సూర్యుడి వేడిలో ఎంత వంతు లోపలికి రానివ్వొచ్చో కోడ్ చెబుతుంది. మన ప్రాంతంలో తూర్పు, పడమర, దక్షిణాలకు 0.27, అంటే దాదాపు నాలుగో వంతు. ఉత్తరపు కిటికీకి మాత్రం 15 డిగ్రీల అక్షాంశానికి పైనుంటే 0.50 దాకా సడలింపు, కిందనుంటే ఆ సడలింపు లేదు, అక్కడా 0.27. ఆ 15 డిగ్రీల గీత ఆంధ్రప్రదేశ్ మధ్యలోంచే పోతుంది. ఒంగోలు, కర్నూలు పైన, నెల్లూరు, అనంతపురం కింద. ఉత్తరం వైపు ఎండ పడదని మనవాళ్ల నమ్మకం. కానీ అనంతపురంలో మే మొదటి నుంచి ఆగస్టు రెండో వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి ఉత్తరంగానే ఉంటాడు. దక్షిణానికి వెళ్లేకొద్దీ ఆ రోజులు పెరుగుతాయి. కోడ్ రాసినవారు ఎక్కడో ఒకచోట గీత గీయాలి కాబట్టి 15 దగ్గర గీశారు. ఒంగోలు బిల్డరు తెచ్చిన అద్దాన్నే నెల్లూరు బిల్డరు ఉత్తరపు గోడకు పెడితే, ఆ లోటును ఇంకోచోట పూడ్చి చూపించాలి.

ఇళ్ల కోసం 2018లో ఎకో నివాస్ సంహిత వచ్చింది. గోడలు, కిటికీల ద్వారా లోపలికి చేరే వేడి చదరపు మీటరుకు సగటున 15 వాట్లు మించకూడదన్నది దాని ముఖ్య నిబంధన. దీని అమలు రాష్ట్రాల చేతిలోనే ఉంది.

ఇక ఫ్లాటు కొనబోయేవారికి ఇందులో పనికొచ్చే భాగం. హోర్డింగుల మీద 'ప్రీ-సర్టిఫైడ్ గోల్డ్' అని కనిపిస్తే, ఆ గోల్డ్ డ్రాయింగులకు వచ్చిందని అర్థం. భవనానికి ఇంకా రాలేదు. పూర్తయ్యాక బిల్లులు, ఫొటోలు, పరీక్షల నివేదికలు పంపి తుది సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. ఇళ్లు అమ్ముడైపోయాక ఆ పని ఎంత పట్టుదలగా చేస్తారన్నది ఆ బిల్డరు మీద ఉంటుంది. తుది సర్టిఫికెట్ ఉంటే దానితోపాటు స్కోరుకార్డు అడగండి. గోల్డ్‌లో ఎన్ని పాయింట్లు కరెంటువి, ఎన్ని నీటివి, ఎన్ని మెట్రో స్టేషను దగ్గరుండటం వల్ల వచ్చినవో అందులో విడివిడిగా రాసి ఉంటుంది. మెట్రో పాయింటు స్థలానిది, దానికోసం బిల్డరు ఒక్క ఇటుకా వేరుగా పెట్టలేదు. ఉమ్మడి విద్యుత్ మీటరు, నీటి మీటరు వేరుగా బిగించారా, వాటి నెలవారీ రీడింగులు అసోసియేషన్ చేతికి వస్తాయా అన్నది కూడా ఒప్పందం మీద సంతకం పెట్టే ముందే కనుక్కోవాలి. తర్వాత గోడ పగలగొట్టి మీటరు పెట్టించాలంటే ఆ ఖర్చు మీదే.